కర్రీ పాయింట్‌లో బిల్లు ప్రింటవడం ఆగిపోయింది. ఎక్స్‌టెన్షన్ రాసినాయన పలకడు, ప్లాట్‌ఫామ్‌వాళ్ళు మాది కాదంటున్నారు

మారతహళ్ళి_మధు

గురువారం సాయంత్రం నుంచి మా బావ కర్రీ పాయింట్‌లో బిల్లు రావడం లేదు. సరిగ్గా ఏడింటికి, పీజీ పిల్లలు కూరలకోసం వరస కట్టే వేళకి ఆగింది. మా అక్క చిత్తు కాగితం మీద లెక్క రాసి ఇస్తోంది.

నాకు కోడింగ్ రాదు. ఆడిటర్ ఆఫీసులో అకౌంట్స్ రాస్తాను. మూడేళ్ళ కిందట బ్లాకులు జోడించే నో-కోడ్ ప్లాట్‌ఫామ్‌లో బావకి ఈ యాప్ చేసిచ్చాను. పప్పు, రసం, గుత్తొంకాయ, వేపుళ్ళు అన్నీ బటన్లు. నొక్కుతూ పోతే లెక్క కడుతుంది, 58 ఎంఎం థర్మల్ ప్రింటర్‌కి బ్లూటూత్‌లో పంపుతుంది. చూసి ముచ్చటపడి ఇంకో ఇద్దరు అడిగితే వాళ్ళకీ పెట్టాను. మొత్తం మూడు షాపులు. ప్రింటర్ కోసం బయటాయన ఒకరు రాసిన ఎక్స్‌టెన్షన్, అంటే ప్లాట్‌ఫామ్‌లో లేని పనిని యాప్‌కి జోడించే ముక్క, 8 డాలర్లు పెట్టి కొన్నాను. తెలుగు అక్షరాలు కూడా వస్తాయన్నాడు, వచ్చాయి.

ఈమధ్య మూడో షాపాయన కొత్త ఫోన్ కొంటే ప్లే స్టోర్‌లో మన యాప్ కనబడనే లేదు. టార్గెట్ ఏపీఐ, అంటే యాప్ ఏ ఆండ్రాయిడ్ వెర్షన్ రూల్స్‌కి తగ్గట్టు కట్టిందో చెప్పే అంకె, పాతదై పోయిందని హెచ్చరిక ఉంది. సరే అని ప్లాట్‌ఫామ్ కొత్త వెర్షన్‌లో మళ్ళీ బిల్డ్ చేసి ఎక్కించాను. ఆ సాయంత్రమే బావ ఫోన్లో ప్రింట్ నొక్కగానే యాప్ మూసుకుపోయింది. మున్నేకొలాలలో ఉన్న రెండో షాపులో మాత్రం అదే యాప్, అదే రకం ప్రింటర్, చక్కగా పనిచేస్తోంది.

ఎక్స్‌టెన్షన్ ఆయనకి మూడు మెయిళ్ళు పెట్టాను. ఉలుకూ పలుకూ లేదు. ప్లాట్‌ఫామ్‌వాళ్ళని అడిగితే బయటివాళ్ళ కాంపోనెంట్లకి మేము బాధ్యులం కాము అని రెండు లైన్లు రాసి చేతులు దులుపుకున్నారు. మరి ఎవరిని అడగాలి?

బ్లాకుల_బాబ్జీ

బావగారి ఫోన్ ఆండ్రాయిడ్ ఎంత? మున్నేకొలాల ఫోన్ ఎంత? ముందు ఆ రెండూ చెప్పండి.

మారతహళ్ళి_మధు

బావది 14. మున్నేకొలాలది పాత ఫోన్, 10.

బ్లాకుల_బాబ్జీ

అనుకున్నాను. ఇది 12 దగ్గర వచ్చిన తేడా. జానకి గారు చూస్తే వివరంగా చెప్తారు.

జావా_జానకి

బాబ్జీ గారి అనుమానం సరైనదే. ఆండ్రాయిడ్ 12కి ముందు, జతపరిచి ఉన్న ప్రింటర్‌కి డేటా పంపాలంటే బ్లూటూత్ కావాలని యాప్‌లో ఒక ముక్క రాసుకుంటే సరిపోయేది. ఫోన్ ఎవర్నీ అడక్కుండా ఇచ్చేసేది. 12 నుంచి, అంటే ఏపీఐ 31 నుంచి, బ్లూటూత్ కనెక్ట్ అని విడిగా ఒక పర్మిషన్ పెట్టారు. దాన్ని యాప్‌లో రాయాలి, వాడే ముందు ఫోన్ యజమానిని అడగాలి కూడా. తెర మీద నియర్‌బై డివైసెస్ అని అనుమతి అడుగుతుందే, అదే.

మెలిక ఏమిటంటే, యాప్ టార్గెట్ 30 దాటనంత కాలం 14 ఫోన్లో కూడా పాత పద్ధతే చెల్లుతుంది. అందుకే ఇన్నాళ్ళూ మీకు తెలియలేదు. మీరు టార్గెట్ పెంచిన రోజున ఆ ఎక్స్‌టెన్షన్ కొత్త రూల్ కిందకి వచ్చింది. దానికి అడగడం తెలియదు, నేరుగా ప్రింటర్ తలుపు తడుతుంది, ఫోన్ పట్టి బయటికి తోసేస్తుంది. ఆండ్రాయిడ్ 10 ఫోన్‌కి ఈ రూలే లేదు కాబట్టి మున్నేకొలాలలో నడుస్తోంది.

ప్లే స్టోర్ గడువు ఏటా ఆగస్టు 31 ప్రాంతంలో వస్తుంది. టార్గెట్ కనీసం 2023లో 33, 2024లో 34, 2025లో 35 ఉండాలన్నారు. కాబట్టి ఈ పోటు ఏటా ఎవరో ఒకరికి తగులుతూనే ఉంటుంది.

మారతహళ్ళి_మధు

అర్థమైందండీ. మా బావకి కూడా చదివి వినిపించాను. "అయితే ప్రింటర్ మంచిదేనా?" అన్నాడు. ఆ మనిషి నిన్న రాత్రంతా ప్రింటర్‌ని తిడుతూ కూర్చున్నాడు.

నెల్లూరు_పీజీ_శీనయ్య

మాది బీటీఎంలో పీజీ, మూడంతస్తులు. నాకూ ఇట్టాంటిదే జరిగింది, ఇదే కాదు గానీ. అద్దె తేదీ దగ్గరపడితే పిల్లకాయలకి నోటిఫికేషన్ పోయేట్టు మా అల్లుడు ఒక యాప్ చేసిపెట్టినాడు. 2024 జులై ఆఖర్లో ఒక్కటీ పోలా. అప్పుడు ఇరవై మంది అద్దె ఆలస్యం చేసినారు. అడిగితే "మాకు మెసేజీ రాలా అంకుల్" అంటారు. నిజంగానే రాలా. నేనేమో వాళ్ళని అనుమానించి ఇద్దరి మీద కేకలేసినా. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

జావా_జానకి

@శీనయ్య గారూ, అది గూగుల్ వాళ్ళ ఫైర్‌బేస్ సేవలో నోటిఫికేషన్లు పంపే పాత దారి మూసేసిన సమయం. ఇక ఇది ఉండదని గూగుల్ 2023 జూన్‌లోనే చెప్పింది, 2024 జులై 22 నుంచి ఆపడం మొదలుపెట్టింది. పాత సర్వర్ కీతో పంపే ప్లగిన్లన్నీ (ఇవీ ఎక్స్‌టెన్షన్లలాంటివే) అక్కడ పడిపోయాయి. మీ అల్లుడు వాడిన ప్లగిన్ రాసినవాళ్ళు కొత్త పద్ధతికి మార్చి ఉండరు. ఏడాది పైన గడువు ఉంది, కానీ ఆ ప్రకటన చదవాల్సింది ప్లగిన్ రాసినాయన. ఆయన మానేస్తే మీదాకా కబురు రాదు.

హెచ్ఎస్ఆర్_హరిత

నేను కటువుగానే చెప్తాను, ఏమీ అనుకోవద్దు. డబ్బు చేతులు మారే యాప్‌ని బయటివాళ్ళ మూసిన డబ్బాల మీద కట్టకూడదు. ఆండ్రాయిడ్ యాప్‌లు రాసే కాట్లిన్ భాష నేర్చుకుని రాసుకోండి, రెండు నెలల పని. మూడు షాపులు మీ మీద ఆధారపడ్డాయి.

కోలారు_సుబ్బు

అక్కా, ఆయన అకౌంట్స్ రాసే మనిషి. పొద్దున ఆఫీసు, సాయంత్రం బావ షాపు. రెండు నెలలు యాడ్నుంచి తెచ్చేది?

బ్లాకుల_బాబ్జీ

@హరిత, కోడ్ రాసేవాళ్ళు మాత్రం బయటి డబ్బాలు వాడరా? 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 లైన్ల జావాస్క్రిప్ట్ ముక్కని దాని రచయిత తీసేస్తే ప్రపంచంలో ఎన్ని బిల్డులు ఆగాయో మీకు నాకంటే బాగా తెలుసు. అక్కడున్నవాళ్ళంతా కోడింగ్ వచ్చినవాళ్ళే.

హెచ్ఎస్ఆర్_హరిత

ఒప్పుకుంటాను. కానీ అక్కడ డబ్బా తెరిచి చూసే వీలుంది, ఆ 11 లైన్లు ఎవరైనా రాసుకోగలరు. మధు గారికి ఆ దారే లేదు. నా బాధ అది.

చంద్రం_విజయనగర్

నేను ఎక్స్‌టెన్షన్లు రాసేవాణ్ణి. మధు గారు కొన్నది నాది కాదు, ఆ రచయిత ఎవరో కూడా తెలియదు. కానీ ఆయన తరఫున రెండు మాటలు చెప్పాలి.

నేను మొదటిది రాసింది ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో, హాస్టల్ గదిలో. ఉచితంగా పెట్టాను. వందల మంది దించుకున్నారు. సంతోషంతో ఇంకో ఆరు రాశాను, రెండింటికి 5 డాలర్లు పెట్టాను. ఆ తర్వాత ఆండ్రాయిడ్ ఏటా ఒక తలుపు మార్చుకుంటూ వచ్చింది. 10లో ఫైళ్ళ నిల్వ, 12లో బ్లూటూత్, 13లో నోటిఫికేషన్లకి అనుమతి అడగడం. ప్రతిసారీ ఏడూ తెరిచి, సరిచేసి, మూడు నాలుగు ఫోన్లలో పరీక్షించాలి. ఆ ఫోన్లు స్నేహితులవి, అడిగి తెచ్చుకునేవాణ్ణి. మధ్యలో, 2021లో, ఇతరులు రాసిన రెడీ కోడు, అంటే లైబ్రరీలు, ఉంచే జేసెంటర్ మూసేస్తున్నామన్నారు. నేను వాడిన లైబ్రరీలు రెండు అక్కడే ఉండేవి. వాటి రచయితలు ఇంకోచోటికి మార్చలేదు. అంటే మీకు నేను పలకనట్టే, నాకు పలకని వాళ్ళూ ఉన్నారు.

5 డాలర్లు ఒక్కసారి ఇచ్చినాయన నాలుగేళ్ళ తర్వాత రాత్రి ఒంటిగంటకి వాట్సాప్‌లో "అర్జంట్, క్లయింట్ తిడుతున్నాడు" అంటాడు. మా నాన్న ఆసుపత్రిలో ఉన్న నాలుగు నెలలు నేను ఒక్క మెయిలు కూడా తెరవలేదు. తిరిగొచ్చి చూస్తే మోసగాడని నా పేరు మీద ఒక పోస్టు ఉంది. ఆ రోజే ఏడింటి కోడూ బయట పెట్టేశాను. ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకుని బాగుచేసుకోండి అని.

మారతహళ్ళి_మధు

చంద్రం గారూ, మీ నాన్నగారు ఇప్పుడు బాగున్నారా? మీరు చెప్పింది చదివాక ఆయనకి పెట్టిన మూడో మెయిలు మళ్ళీ చూసుకున్నాను. కోపంలో రాశాను. ఇవాళ ఇంకొకటి మర్యాదగా పెడతాను.

అయినా ఒక మాట. అమ్మే పేజీలో ఇది 2022 తర్వాత చూడలేదు అని ఒక్క ముక్క రాసి ఉంటే చాలు. ఆ పేజీలో కొనే బటన్ నిన్నటిదాకా పనిచేస్తూనే ఉంది. డబ్బు తీసుకునే యంత్రం మాత్రం బాగుంది, చూసే మనిషి లేడు. అది నాకు మింగుడు పడటం లేదు.

చంద్రం_విజయనగర్

నాన్న బాగున్నారండీ. మీరన్నది న్యాయమే. కొనే బటన్ తీసేయాలి. నేను కూడా నెల రోజులు ఆలస్యంగా తీశాను. ఆ నెలలో కొన్న ముగ్గురికీ డబ్బు తిప్పి పంపాను.

వైట్‌ఫీల్డ్_విజయ

ప్లాట్‌ఫామ్‌కి బాధ్యత లేదనడం నేను ఒప్పుకోను. ఎక్స్‌టెన్షన్లు ఉండబట్టే జనం అక్కడికి వస్తున్నారు. తమ దుకాణంలో పెట్టి అమ్మించి కొంత వాటా తీసుకునే చోట్ల అయితే మరీనూ. కనీసం టార్గెట్ పెంచినప్పుడు, మీ యాప్‌లో ఉన్న ఫలానా ఎక్స్‌టెన్షన్ పాత బ్లూటూత్ పద్ధతి వాడుతోంది అని బిల్డ్ చేసేటప్పుడే హెచ్చరించవచ్చు. ఆ సంగతి దాని ఫైల్లోనే రాసి ఉంటుంది కదా.

జావా_జానకి

@విజయ, హెచ్చరిక ఇవ్వడం సాధ్యమే, ఇవ్వాలి కూడా. కానీ పనిచేస్తుందని పూచీ ఇవ్వలేరు. బ్లాకులతో యాప్‌లు కట్టే ఎంఐటీ యాప్ ఇన్వెంటర్ సంగతే చూడండి. 2010లో గూగుల్‌లో పుట్టింది, 2012 నుంచి ఎంఐటీ చేతిలో ఉంది, విశ్వవిద్యాలయం నడిపే ఉచిత సేవ. ఎవరో పంపిన ప్రతి ఎక్స్‌టెన్షన్నీ పరీక్షించమంటే ఎలా? డబ్బు తీసుకునే ప్లాట్‌ఫామ్‌లకైతే మీ మాట వర్తిస్తుంది.

వైట్‌ఫీల్డ్_విజయ

ఆ తేడా ఒప్పుకుంటాను. నేను ఆఫీసులో బబుల్ అనే నో-కోడ్ ప్లాట్‌ఫామ్ వాడతాను. అక్కడ ప్లగిన్ ఏ వెర్షన్ వాడాలో యాప్ యాప్‌కీ మనమే ఎంచుకోవచ్చు, కొత్తది వచ్చినా మనం మార్చేదాకా పాతదే ఉంటుంది. ఎవరైనా మార్చుకోవచ్చనే ఎంఐటీ లైసెన్సుతో పెట్టిన ప్లగిన్లయితే కాపీ తీసుకుని సొంతంగా దిద్దుకోవచ్చు. నేను ఒక క్యాలెండర్ ప్లగిన్ని అలాగే దిద్దించాను, వారంలో తేలింది. పక్కనే డబ్బు పెట్టి కొన్న ఇంకో ప్లగిన్ చెడితే ఏమీ చేయలేక ఆ పేజీ మొత్తం మళ్ళీ కట్టాను. అప్పట్నుంచి డబ్బు పెట్టి కొన్నదే గట్టిది అనే నమ్మకం పోయింది నాకు. లోపలికి దారి ఉందా లేదా అనేదే చూస్తాను.

కనకపుర_రోడ్_కిరణ్

ఇంతసేపూ పనిచేస్తుందా లేదా అనే మాట్లాడుతున్నారు. పనిచేస్తూ ఇంకేం చేస్తోందో ఎవరైనా చూశారా?

ఎక్స్‌టెన్షన్ ఏఐఎక్స్ ఫైల్ అంటే జిప్ ఫైలే. చివర జిప్ అని పేరు మార్చి తెరవండి. ఏయే పర్మిషన్లు అడుగుతుందో లోపల మామూలు అక్షరాల్లోనే ఉంటుంది. నేను ఒక ఉచిత ఎక్స్‌టెన్షన్ తెరిచాను. దాని పని తెర మీద చిన్న యానిమేషన్ చూపించడం. అడిగినవి కాంటాక్టులు, లొకేషన్! ఎక్స్‌టెన్షన్ అడిగినవన్నీ మన యాప్ అడిగినట్టే అవుతాయి, జనం చూసేది మన పేరు. తర్వాత కోడ్ విప్పి చూపే జాడెక్స్ అనే ఉచిత సాధనంలో పెట్టి చూస్తే పేర్లన్నీ ఏ, బి, సి అని చెరిపేసి ఉన్నాయి. అందులో చెడు ఉందని నేను రుజువు చేయలేను, కానీ ఆ రోజే తీసేశాను.

వైట్‌ఫీల్డ్_విజయ

కిరణ్ చెప్పింది శీనయ్య గారిలాంటివాళ్ళు ముఖ్యంగా చూసుకోవాలి. పీజీలో చేరేవాళ్ళ ఆధార్ ఫోటోలు యాప్‌లోకి ఎక్కిస్తారు కదా. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా చట్టం ప్రకారం, సేకరించినవాళ్ళదే జవాబుదారీ. మీకోసం ఆ పని ఇంకొకరు చేస్తున్నా సరే, ప్లగిన్‌వాడి మీద తోసి తప్పుకోలేరు.

నెల్లూరు_పీజీ_శీనయ్య

అమ్మా, ఆధార్ ఫోటోలు యాప్‌లో ఎక్కించడం ఇవాళ్టితో మాన్పిస్తా. ఫైల్లో పెట్టి బీరువాలో దాస్తా.

ఇంకోటి చెప్పాల. ప్రతిదీ ప్లగిన్ తప్పు కాదు. 2021 మార్చి 8న మా యాప్‌లో ఓటీపీలు రాలా. అల్లుడు రాత్రంతా కూర్చుని ఎస్ఎంఎస్ ప్లగిన్ మూడుసార్లు తీసి పెట్టినాడు. తెల్లారి చూస్తే దేశమంతా అదే గోల. ముందుగా నమోదు చేసిన మాటలు కాకపోతే ఎస్ఎంఎస్ ఆపేయాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ రూలు, ఆ రోజు అమల్లోకి తెచ్చినారంట. బ్యాంకుల ఓటీపీలే ఆగిపోయినాయి. మళ్ళా ఒక వారం సడలించినారు.

బ్లాకుల_బాబ్జీ

@శీనయ్య గారూ, మంచి మాట చెప్పారు. అందుకే నేను ముందు ఖాళీ ప్రాజెక్టు ఒకటి తెరిచి, ఆ కాంపోనెంట్ ఒక్కటే పెట్టి, ఒకే బటన్‌తో పరీక్షిస్తాను. అక్కడా చెడితే తప్పు దానిదే. అక్కడ పనిచేసి నా యాప్‌లో చెడితే నాది. పది నిమిషాల పని, రాత్రి నిద్ర మిగులుతుంది. మధు గారూ, ఆ పాత ఎక్స్‌టెన్షన్ ఫైలు మీ దగ్గర విడిగా ఉందా? ఆయన పేజీ మూసేస్తే మళ్ళీ దొరకదు. మీ పాత యాప్ ప్రాజెక్టు ఫైలు (ఏఐఏ) కూడా దించి పెట్టుకోండి.

మారతహళ్ళి_మధు

రెండూ దించి పెన్‌డ్రైవ్‌లో వేశాను.

దొడ్డనెక్కుంది_దివ్య

ఎక్స్‌టెన్షన్ని ఏఐతో రాయించుకోవచ్చుగా? జావా కోడ్ మొత్తం అదే ఇస్తుంది.

జావా_జానకి

రాయించవచ్చు, నేనూ చేశాను. నాకు వచ్చినది బిల్డ్ అయింది, ప్రింటూ వచ్చింది. కానీ ప్రతి బిల్లు తర్వాతా కనెక్షన్ మూయడం మర్చిపోయింది. పదో బిల్లుకో పదిహేనో బిల్లుకో ప్రింటర్ మొండికేసేది. నాకు జావా వచ్చు కాబట్టి పట్టుకున్నాను. రానివాళ్ళు వాడితే, రచయిత ఎవరో కూడా తెలియని ఇంకో మూసిన డబ్బా చేతికొస్తుంది. జావా చదవగలిగినవాళ్ళెవరికైనా ఒకసారి చూపించి వాడండి.

సరే, మధు గారికి ఇవాళ సాయంత్రానికి షాపు నడవాలి. ఇలా చేసి చూడండి. ప్లాట్‌ఫామ్ సొంత బ్లూటూత్ క్లయింట్ కాంపోనెంట్‌ని స్క్రీన్ మీద ఊరికే లాగి పెట్టండి. దాన్ని దేనికీ వాడనక్కర్లేదు. అది ఉంటే కొత్త పర్మిషన్ యాప్‌లోకి వచ్చి చేరుతుంది. తర్వాత స్క్రీన్ తెరుచుకునే బ్లాకులో అనుమతి అడిగే బ్లాకు పెట్టి, బ్లూటూత్ కనెక్ట్ పర్మిషన్ పూర్తి పేరు ఇవ్వండి. బావగారు ఒకసారి అనుమతి నొక్కితే, ఆ తర్వాత పాత ఎక్స్‌టెన్షన్ కూడా అదే అనుమతి మీద నడిచే అవకాశం ఉంది. నా దగ్గర రెండు పాత ఎక్స్‌టెన్షన్లు ఇలాగే బతికాయి. మూడోది బతకలేదు.

మారతహళ్ళి_మధు

ఆఫీసు నుంచి నేరుగా షాపుకి వెళ్ళి చేశాను. బతికింది! ఆరూ నలభైకి మొదటి బిల్లు వచ్చింది. అక్క ఆ చిత్తు కాగితాలు చించి పారేసింది. జానకి గారూ, మీరు ఎప్పుడు మారతహళ్ళి వైపు వచ్చినా మా ఇంట్లోనే భోజనం.

జావా_జానకి

తప్పకుండా వస్తాను. కానీ ఇది మాసిక వేసిన చొక్కా అని మర్చిపోకండి. వచ్చే ఏడాది టార్గెట్ మళ్ళీ పెరుగుతుంది.

కోలారు_సుబ్బు

ఇప్పుడు నేను చెప్తా వినన్నా. నేను ఎస్‌పీ రోడ్డులో బిల్లింగ్ మెషీన్లు అమ్మే షాపులో పని చేస్తా. నీకు అసలు ఆ ఎక్స్‌టెన్షనే అక్కర్లేదు.

ఈ చిన్న ప్రింటర్లన్నీ దాదాపు ఒకే భాష మాట్లాడతాయి, దాని పేరు ఈఎస్‌సీ పాస్. అంకెలు పంపితే చాలు. 27, 64 పంపితే ప్రింటర్ తొలి స్థితికి వస్తుంది. 10 పంపితే లైను కిందకి దిగుతుంది. నీ ప్లాట్‌ఫామ్ బ్లూటూత్ క్లయింట్‌లో బైట్లు పంపే బ్లాకు ఉంటుంది, అంకెల లిస్టు ఇస్తే పంపేస్తుంది. 58 ఎంఎం కాగితం మీద మామూలు ఇంగ్లీషు అక్షరాలు లైనుకి 32 పడతాయి. మా కస్టమర్లకి ఇట్లాగే పెట్టిస్తాం.

మారతహళ్ళి_మధు

మరి తెలుగు? అంకెలు సరే, గుత్తొంకాయ అని పంపితే ప్రశ్న గుర్తులు వస్తాయి. ఎక్స్‌టెన్షన్ కొన్నదే దానికోసం. మా కస్టమర్లలో సగం మంది పెద్దవాళ్ళు, తెలుగులో ఉంటేనే బిల్లు చదివి చూసుకుంటారు.

కోలారు_సుబ్బు

ప్రింటర్‌లో తెలుగు అక్షరాలు లేవన్నా, కన్నడమూ లేదు. అందుకే బొమ్మగా పంపాల. నీ ఎక్స్‌టెన్షన్ చేసేదీ అదే, అక్షరాన్ని బొమ్మ చేసి చుక్కలుగా పంపేది. అడ్డంగా ఒక్కో చుక్కల వరసకి 384 చుక్కలు. బైటుకి 8 చుక్కలు, అంటే వరసకి 48 బైట్లు.

బ్లాకుల_బాబ్జీ

సుబ్బూ, బ్లాకులతో బొమ్మని చుక్కలు చేయడం నరకం. ఒక్కో చుక్క రంగు చదువుతూ పోతే 384 వెడల్పు, 200 ఎత్తు బిల్లుకి 76,800 సార్లు తిరగాలి. ఫోన్ పడుకుంటుంది.

కోలారు_సుబ్బు

ఫోన్లో ఎందుకు చేసేది? కర్రీ పాయింట్‌లో కూరలు రోజూ అవే కదా. పేర్లు ఒక్కసారి కంప్యూటర్లో బొమ్మ చేసి, అంకెల లిస్టుగా మార్చి, యాప్‌లో దాచిపెట్టుకో. 24 చుక్కల ఎత్తు చాలు, ఒక్కో పేరు 48 ఇంటూ 24, 1,152 బైట్లు. పప్పు నొక్కితే పప్పు లిస్టు పోతుంది. ధర అంకెలే కాబట్టి కింద లైనులో మామూలుగా పంపు. ముందు 29, 118, 48 అని బొమ్మ ఆజ్ఞ, ఆ తర్వాత 0, తర్వాత కొలతలు 48, 0, 24, 0, ఆ వెనక చుక్కలు.

బ్లాకుల_బాబ్జీ

ఇది నాకు తట్టనే లేదు. బాగుంది!

హెచ్ఎస్ఆర్_హరిత

సుబ్బు గారూ, అద్భుతం. మధు గారూ, కూరల పేర్లన్నీ ఇక్కడ రాయండి, బొమ్మల్ని అంకెలుగా మార్చే చిన్న ప్రోగ్రాం నేను రాసి పంపుతాను. కోడ్ మొత్తం మీ చేతికే ఇస్తాను, ఒక్కో లైను ఏం చేస్తుందో తెలుగులో రాసి మరీ ఇస్తాను. రేపు కొత్త కూర పెడితే మీరే చేసుకోవచ్చు.

మారతహళ్ళి_మధు

ముద్దపప్పు, టమాటా పప్పు, గోంగూర పప్పు, సాంబారు, మిరియాల రసం, గుత్తొంకాయ, బెండకాయ వేపుడు, దొండకాయ వేపుడు, బంగాళాదుంప కుర్మా, కోడిగుడ్డు పులుసు, చికెన్ కూర, గడ్డ పెరుగు. ఆదివారం మాత్రం నాటుకోడి.

చంద్రం_విజయనగర్

హరిత గారూ, వర్డ్ ప్రోగ్రాంలో దించిన బొమ్మల్లో ఒత్తులు కింద తెగుతాయి, చూసుకోండి. 24 ఎత్తులో గుత్తొంకాయ తావత్తు చదవడానికి రాదేమో. 32 చేయండి.

హెచ్ఎస్ఆర్_హరిత

నిజమే, 24లో తావత్తు మచ్చలా వచ్చింది. 32కి మార్చాను. సుబ్బు గారూ, కొలతల్లో 24 బదులు 32, అంతే కదా?

కోలారు_సుబ్బు

అంతే అక్కా. పేరుకి 1,536 బైట్లు అవుతాయి. ఒకేసారి అన్నీ పంపొద్దు, చవక ప్రింటర్లకి నోరు చిన్నది, మింగలేక మధ్యలో చెత్త రాస్తాయి. పేరుకీ పేరుకీ మధ్య కొంచెం ఆగేట్టు టైమర్ పెట్టండి.

నెల్లూరు_పీజీ_శీనయ్య

నాటుకోడి ఆదివారం ఎన్ని గంటలకి?

మారతహళ్ళి_మధు

పదకొండున్నరకి అంకుల్, పన్నెండున్నరకి అయిపోతుంది.

రెండు రోజులు కూర్చున్నాను. శనివారం రాత్రి పదిన్నరకి, షాపు మూశాక, ఎక్స్‌టెన్షన్ని ప్రాజెక్టులోంచి తీసేశాను. తీసేటప్పుడు చెయ్యి వణికింది, నిజం చెప్తున్నాను. దాని బ్లాకులన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. సుబ్బు గారి అంకెలు, హరిత గారి లిస్టులు పెట్టి నొక్కాను. మొదటిసారి గుత్తొంకాయ సగం దాకా వచ్చి తర్వాత అడ్డదిడ్డంగా గీతలు. టైమర్ 300 మిల్లీసెకన్లు చేశాను. రెండోసారి మొత్తం వచ్చింది, తావత్తుతో సహా. అక్క ఆ కాగితాన్ని దీపం దగ్గర పెట్టి చదివింది.

ఇంతలో ఆ ఎక్స్‌టెన్షన్ ఆయన నుంచి జవాబు వచ్చింది. రెండేళ్ళుగా ఈ పని మానేశాడట, వేరే ఊళ్ళో ఉద్యోగమట. క్షమించమన్నాడు. చంద్రం గారిలా కోడ్ బయట పెట్టమని, కొనే బటన్ తీసేయమని అడిగాను. బటన్ నిన్ననే తీసేశాడు. కోడ్ వెతుకుతానన్నాడు.

ఒక్కటి మిగిలింది. బిల్లు చివరి లైను ప్రింటర్ మూతలోపలే ఉండిపోతోంది. చింపితే మొత్తం రూపాయలు రాసిన లైను సగానికి తెగుతోంది.

కోలారు_సుబ్బు

చివర్లో 10 ఇంకో నాలుగుసార్లు పంపన్నా. కాగితం పైకొస్తుంది.

మారతహళ్ళి_మధు

నాలుగు చాలలేదు, ఐదు పెట్టాను. వచ్చింది.